పరగడుపు

సంచీ ఇంకా తలుపు గొళ్ళేనికే వేలాడుతోంది.

అత్తగారు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపలికి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా ఆవిడని దాటాల్సిందే. అందుకే ఏరికోరి అక్కడ వేసుకుంది.

"వేలాడనీ," అంది. "మెట్లెక్కే వాళ్ళూ దిగే వాళ్ళూ అందరూ చూడనీ. నా పెద్దకొడుకు చేతి రొట్టె చిన్నకొడుకు గడప దాటడానికి పనికిరాలేదని లోకమంతా తెలియనీ."

కోడలు గరిటె తిప్పుతూనే ఉంది. మూకుడులో గోధుమరవ్వ వేగుతోంది. కమ్మటి వాసన వచ్చేదాకా గరిటె ఆపకూడదు. ఆపితే అడుగు మాడుతుంది, ఆ చేదు గిన్నెడు జావకీ ఎక్కుతుంది. ఈ ఇంట్లో మాడటానికి ఇప్పుడు కొత్తగా ఇంకోటి అక్కర్లేదు.

"నీతోనే మాట్లాడుతున్నాను."

"వింటున్నానత్తయ్యా."

"వింటే సరిపోదు. వెళ్ళి సంచీ లోపలికి పట్టుకురా."

"ఇవాళ వద్దత్తయ్యా."

"ఇవాళేం ప్రత్యేకం?"

ప్రత్యేకమే. కానీ ఏమిటో చెప్పడానికి వీల్లేదు. ఆమె మొగుడు బస్సు డ్రైవరు. అతను తన మీద ఒట్టు వేయించుకున్నాడు. అమ్మకీ అన్నయ్యకీ ఒక్క ముక్క తెలిసినా నీకూ నాకూ మాటల్లేవు అన్నాడు.

ఆ సంచీకి ఈ ఇంట్లో ఒక పద్ధతుంది. డ్రైవరు అన్నయ్యది వీధి చివర బేకరీ. రాత్రంతా ఓవెన్ ముందు నిలబడి, తెల్లారగానే వచ్చి తమ్ముడి తలుపుకి తీపి బన్నుల సంచీ తగిలించి మళ్ళీ కొట్టుకి పోతాడు. తలుపు కొట్టడు, పిలవడు. సాయంత్రానికి అదే గొళ్ళేనికి ఖాళీ సంచీ కనిపించాలి. అది కనిపిస్తే తమ్ముడి ఇల్లు చల్లగా ఉన్నట్టు. అన్నదమ్ములిద్దరూ ఇన్నేళ్ళలో ఒకరికొకరు బాగోగులు అడిగింది ఆ సంచీతోనే.

నెల రోజులుగా కోడలు ఆ బన్నుల్ని లోపలికి తెచ్చి, అందరి కళ్ళూ కప్పి, తను కుట్టుపనికి వెళ్ళే దుకాణంలో పంచేస్తోంది. అత్తగారి కళ్ళు మాత్రం అంత తేలిగ్గా కప్పలేకపోయింది. ఇవాళ లోపలికే తేలేదు. వేడి బన్ను వాసన ఒక్కసారి ముక్కుకి తగిలిందంటే డ్రైవరు ఆగడు. ఇవాళ అతను ఆగి తీరాలి.

పోయిన నెల మలుపు దగ్గర అతనికి కళ్ళు మసకలు కమ్మి బస్సు ఫుట్‌పాత్ ఎక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు. డిపో డాక్టరు రక్తం చూసి, షుగర్ బాగా ఉందన్నాడు. ఒక గడువిచ్చాడు. అప్పటిదాకా ఊళ్ళో చిన్న రూటు. గడువులోగా తగ్గకపోతే స్టీరింగు లేదు, బస్సులు కడిగే షెడ్డుకి పోవడమే. ఆ గడువు ఇవాళ. పరగడుపున రమ్మన్నారు.

"మాట్లాడదు," అంది అత్తగారు గోడకి చెబుతున్నట్టు. "అడిగితే మాట్లాడదు, తిడితే మాట్లాడదు. ఊరికే ఇంటికొచ్చే తిండిని కాదని, జబ్బు మనుషులకి పోసే జావ కాస్తుంది. పైగా దానికి బోలెడు పని."

"పనేముందత్తయ్యా? గుప్పెడు రవ్వ. సంతలో చివర్లో మిగిలిన క్యారెట్లు, బీన్సు. రాత్రి నానేస్తే పొద్దున్నకి మొలకలు. నలుగురం తిన్నా రెండు బన్నుల ఖర్చు కాదు."

"నాలుగు బన్నులకీ మనకి ఖర్చు లేదే!"

దానికి కోడలి దగ్గర జవాబుంది. చెప్పడానికే నోరు లేదు. మరుగుతున్న నీళ్ళలో రవ్వ పోసింది. కూరముక్కలు వేసి, చిటికెడు ఉప్పు వేసి మూత పెట్టింది. మొలకల్లో వేయించిన పల్లీలు నలిపి కలిపింది. ఉడికించిన గుడ్డు ఒలిచి, రెండు ముక్కలు చేసి డబ్బాలో సర్దింది. రక్తం ఇచ్చిన వెంటనే అతను తినాలి. ఆకలి మీద బస్సెక్కకూడదు. ఉడికిన జావ కాస్త పాప గిన్నెలో పోసి, మిగిలింది కలుపుతూ నిలబడింది.

పాప బల్ల దగ్గర కూర్చుని తన గిన్నెలోకి అనుమానంగా చూస్తోంది. "అమ్మా, ఇందులో క్యారెట్ కనిపించకుండా వెయ్యొచ్చుగా?"

"కళ్ళు మూసుకుని తిను. కనిపించదు."

"కళ్ళు మూసుకున్నా నాలుకకి కనిపిస్తుంది."

మరోరోజైతే కోడలు నవ్వేది.

డ్రైవరు యూనిఫారం గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. తల దువ్వుకున్నాడు, గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాడు. కోడలు ఆ ముఖం చూసి కాస్త ఊపిరి పీల్చుకుంది. గడువు గుర్తొచ్చినప్పుడల్లా వణికిపోయిన మనిషి ఇవాళ ఇంత నిబ్బరంగా ఉన్నాడంటే, ఒంట్లో తేలిగ్గా ఉందనే కదా. నెల రోజుల జావ ఊరికే పోలేదు. లోలోపల పొంగిపోయింది పాపం, వెర్రిది.

"చూడరా," అంది అత్తగారు. "కాఫీ చుక్క కూడా లేకుండా పంపిస్తోంది నిన్ను. అన్నం పెట్టే చెయ్యేనా అది?"

"నేనే వద్దన్నానమ్మా. ఆకలిగా లేదు."

"నీకు ఆకలి లేకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు."

"ఇప్పుడు విన్నావుగా," అని నవ్వి, అతను పెళ్ళాం వంక చూడకుండా బూట్లు వేసుకోవడానికి వంగాడు.

అప్పుడు తలుపు తోసుకుని బావగారు వచ్చాడు. చేతిలో సంచీ ఉంది. మోచేతుల దాకా మైదాపిండి, కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. కొట్టుకి పోవాల్సిన మనిషి, ఏం తోచి వెనక్కొచ్చాడో, వచ్చి చూస్తే సంచీ తగిలించింది తగిలించినట్టే ఉంది.

సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. కూర్చోలేదు.

"ఏమ్మా, గొళ్ళెం ఎత్తుగా ఉందా? చెయ్యి అందలేదా?"

"అది కాదు బావగారూ..."

"మరేది? పనిమీద ఉండి మర్చిపోయావేమో అనుకుందామంటే, నీ దుకాణంలో కుట్టుపని చేసే ఆవిడ నిన్న నా కొట్టుకొచ్చింది. మీ బన్నులు రోజూ మాకు పంచుతోంది, చాలా బాగుంటాయి అని మెచ్చుకుని వెళ్ళింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు."

అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నేను చెబితే నమ్మలేదుగా నువ్వు," అంది పెద్దకొడుకుతో. గెలిచిన మాటే గానీ గొంతులో సంతోషం లేదు. ఆయన మళ్ళీ కోడలి వైపే తిరిగాడు.

"నీకు నా చేతి తిండి రుచించకపోతే నాకే చెప్పాల్సింది, అమ్మా. పడకపోతే పడదని చెప్పు. ఉప్పు బిస్కెట్లు చేసి పెడతాను, వేరే ఏదైనా చేసి పెడతాను. ఊళ్ళో పంచిపెట్టడమేమిటి? ఈ బన్నులు తినే కదా వీడు ఇంతవాడయ్యింది. నాన్న మంచాన పడ్డాక ఈ ఇంట్లో పొయ్యి వెలగని పొద్దులెన్నో నీకు తెలియదు. అమ్మనడుగు."

"తెలుసు బావగారూ. ఆయన చెప్పారు."

"తెలిసీ చేశావన్నమాట."

కోడలు మొగుడి వంక చూసింది. ఒక్క మాట అనండి, ఇప్పుడైనా అనండి అని ఆ చూపు. డ్రైవరు బూటు లేసు ముడి వేస్తున్నాడు. ఒకసారి వేసి, విప్పి, మళ్ళీ వేస్తున్నాడు.

"ఇంకో సంగతి," అన్నాడు బావగారు, గొంతు తగ్గించి. తిడుతున్నప్పటి కంటే అప్పుడే ఎక్కువ కోపంగా ఉన్నాడనిపించింది. "వీడు రోజూ డ్యూటీకి పోయే ముందు నా కొట్టు వెనక గుమ్మానికి వస్తున్నాడు. గోడవారగా నిలబడి గబగబా తిని మూతి తుడుచుకుని పోతాడు. ఇంట్లో ఏం పెట్టలేదురా అంటే నవ్వుతాడు. సొంత అన్న కొట్టులో దొంగలా తినాల్సిన ఖర్మ వాడికెందుకు పట్టించావమ్మా?"

గరిటె ఆగిపోయింది.

"రోజూనా?" అంది కోడలు.

"రోజూ."

"ఈ నెలంతా?"

"ఆదివారాలు తప్ప. ఆదివారం నేను తెరవను."

ఆమె మళ్ళీ మొగుడి వంక చూసింది. ఈసారి బతిమాలడానికి కాదు. రాత్రుళ్ళు పప్పులు నానేసింది, తెల్లారకముందే లేచి కూరగాయలు తరిగింది, గిన్నె ఖాళీ చేసి బాగుందోయ్ అంటుంటే నమ్మింది. ఆ గిన్నె ఖాళీ చేసి, తిన్నగా వీధి చివరికి పోయి రెండు బన్నులు లాగించాడన్నమాట. గరిటె గిన్నెలోనే వదిలేసింది.

జావ అడుగంటిన వాసన వచ్చింది. పాప వెళ్ళి స్టవ్ కట్టేసింది.

"ఆ చూపులేమిటి?" అంది అత్తగారు. "కడుపు కాలి అన్న దగ్గరికి పోయాడు. పరాయి ఇంటికి పోలేదుగా."

"కడుపు కాలలేదత్తయ్యా. నేను పెట్టిందీ తిన్నారు, అక్కడా తిన్నారు."

"తింటే తిన్నాడు. మగాడు, చాకిరీ చేసే ఒళ్ళు. దాని మీద కూడా లెక్కలేనా నీకు?"

"చాలమ్మా, ఇక ఆపండి," అన్నాడు డ్రైవరు లేచి నిలబడి. "టైమయింది. సాయంత్రం మాట్లాడుకుందాం."

"సాయంత్రం దాకా ఎందుకురా చిన్నోడా?" బావగారు సంచీలో చెయ్యి పెట్టి ఒక బన్ను తీశాడు. ఇంకా వెచ్చగానే ఉంది, పైన చక్కెర పాకం మెరుస్తోంది. తమ్ముడి అరచెయ్యి లాగి అందులో పెట్టాడు. "నా కళ్ళ ముందు, నీ పెళ్ళాం కళ్ళ ముందు, ఇక్కడే తిను. నేను వెళ్ళిపోతాను. రేపట్నుంచి సంచీ తేవాలో వద్దో దాన్ని బట్టే తెలిసిపోతుంది."

"వద్దు," అంది కోడలు.

"నిన్నడగలేదమ్మా."

"వద్దు బావగారూ. ఇవాళొక్కరోజు వద్దు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎందుకు వద్దు?"

డ్రైవరు కనుబొమ్మలు ముడిచి ఆమె వంక చూశాడు. చెప్పావో, ఊరుకోను అన్నట్టుంది ఆ చూపు. బన్ను పట్టుకున్న చెయ్యి మెల్లగా నోటి వైపు లేస్తోంది.

"ఆయనకి షుగరుంది," అంది కోడలు.

అనేశాక ఇక ఆగలేదు. "పోయిన నెలే తెలిసింది. బస్సు తిప్పుతుంటే కళ్ళు తిరిగాయి. ఇవాళ డిపోలో మళ్ళీ రక్తం తీస్తారు, ఎక్కువుంటే స్టీరింగు లాక్కుంటారు. అందుకే పరగడుపున పంపిస్తున్నాను. అందుకే మీ బన్నులు ఇంట్లో ఉంచలేదు. మీతో చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. మావగారికొచ్చిన జబ్బే తనకొచ్చిందని తెలిస్తే మీరు తట్టుకోలేరన్నారు. మీ చేతి తిండి తిని వచ్చిందనుకుంటే మీరు కొట్టే మూసేస్తారన్నారు."

బావగారు బల్ల అంచు పట్టుకున్నాడు. ఆయన బడి మానేసి పిండి పిసకడానికి వెళ్ళింది తండ్రికి ఆ జబ్బుతో కాలు తీసేసిన ఏడే. ఆ సంగతి ఈ గదిలో ఎవరూ ఎవరికీ గుర్తు చెయ్యనక్కర్లేదు.

"ఒరేయ్," అన్నాడు తమ్ముడితో. "నిజమేనా?"

డ్రైవరు నవ్వాడు. బస్సు ఎందుకు ఆలస్యమైందని ప్రయాణికులు అడిగితే నవ్వే నవ్వు అది.

"లేదన్నయ్యా. దానికి నీ బన్నులు పడవు. ఇలా పట్టుబడేసరికి నోటికొచ్చింది అల్లేసింది. నాకేం రోగం? దున్నపోతులా ఉన్నాను."

అని, పెళ్ళాం ముఖంలోకి చూస్తూ బన్ను సగానికి కొరికాడు.

కోడలు ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయింది. అబద్ధాలకోరని అనిపించుకున్నందుకు కాదు. ఎదురుగా నిలబడి, చూసి చూసి, తనని తానే పొడుచుకుంటున్నాడు. తను చూస్తూ ఉంది.

బావగారి ముఖంలోకి కాస్త రంగు తిరిగి వచ్చింది. నమ్మాలని ఉంది ఆయనకి. నమ్మడానికి ఒక్క మాట చాలు.

కానీ ముందు మాట్లాడింది అత్తగారు. పొద్దున్నుంచీ గోడలు అదరగొట్టిన గొంతు ఇప్పుడు పక్కనున్న వాళ్ళకి కూడా సరిగ్గా వినిపించలేదు.

"రాత్రిళ్ళు అన్నిసార్లు లేచి నీళ్ళెందుకు తాగుతున్నావురా?"

డ్రైవరు నములుతున్నవాడు ఆగాడు.

"ఎండలు కదా అనుకున్నాను," అంది ఆవిడ. "ఎండలు పోయాయి. అయినా బిందె ఖాళీ అవుతూనే ఉంది. మీ నాన్న కూడా ఇలాగే లేచేవాడు. నేను పడుకున్నానని అనుకునేవాడు."

డ్రైవరు చూపు మూలనున్న బిందె మీద పడింది. అమ్మకి సమాధానం చెప్పడానికి అతనికి నోరు ఖాళీ లేదు.

బావగారు రెండడుగులు ముందుకి వేశాడు. పిండి అంటిన అరచెయ్యి దొప్పలా చేసి తమ్ముడి గడ్డం కింద పెట్టాడు. చిన్నప్పుడు మట్టి తిన్నవాడికి పెట్టినట్టు.

"ఉమ్మెయ్," అన్నాడు.

డ్రైవరు మూతి బిగించుకున్నాడు.

"ఉమ్మెయ్ రా చిన్నోడా. నా మాట విను."

అన్నయ్య కళ్ళు నిండిపోయాయి. అది చూసి డ్రైవరు ఒక్క క్షణం మెత్తబడ్డాడనే అనిపించింది. పెదవులు కూడా కదిలాయి. అంతలో కిందనుంచి "అన్నా, టైమవుతోంది!" అని అతని బస్సు కండక్టరు కేక వినిపించింది.

డ్రైవరు గుటక వేసి మింగేశాడు.

"చూశావా? ఏం కాలేదు," అన్నాడు. మిగిలిన సగం కూడా నోట్లో వేసుకున్నాడు. బల్ల మీద సంచీ తీసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు. డబ్బా జోలికి పోలేదు. తల్లి కుర్చీని పక్కగా ఒదిగి దాటుకుని, బూట్లు టకటకలాడించుకుంటూ మెట్లు దిగిపోయాడు.

కోడలు డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది. పిలిచి పై నుంచి అందిద్దామనుకుంది. అంత జరిగాక కూడా ఆమె మొదట ఆలోచించింది అతని ఆకలి గురించే.

కింద కండక్టరు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వయసులో ఉన్నవాడు, రాయి తిన్నా అరిగించుకునే ఒళ్ళు. డ్రైవరు అతని భుజం తట్టి సంచీ ముందుకి చాచాడు.

"ఇందా, ఇంట్లో గొడవలో పడి ఆలస్యమైంది. దీన్ని నీ బుట్టలో పెట్టుకో."

"వాసన చూపించకన్నా, చంపేస్తున్నావు," అన్నాడు కండక్టరు. "నిన్న రాత్రి నుంచి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. పరగడుపున ఉండమన్నావుగా. రక్తమిచ్చేసి ఒక్కడినే సంచీ ఖాళీ చేస్తాను, చూడు."

డ్రైవరు పైకి చూడకుండానే అతని నోటికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

కోడలు చాచిన డబ్బా వెనక్కి తీసుకుంది. డిపోలో రక్తం తీసేది డ్రైవర్లకి. కండక్టర్లకి ఆ పని లేదు. పోయినసారి డ్రైవరే నవ్వుతూ చెప్పాడు, ఆ కాంపౌండరు పేరు పిలుస్తాడు, కిటికీలోంచి చెయ్యి చాపితే సూది గుచ్చుతాడు, ఎవరి చెయ్యో తల ఎత్తి చూడను కూడా చూడడు అని.

పొద్దున కూనిరాగం ఎందుకు తీశాడో ఇప్పుడు అర్థమైంది. అది జావ తెచ్చిన నిబ్బరం కాదు.

"ఏమిటే?" అంది అత్తగారు. "అలా కొయ్యబారిపోయావేం?"

కోడలు చెప్పింది. దాచడానికి ఇంకేం మిగల్లేదు. బావగారు అక్కడే నేల మీద కూలబడి, చాచిన చెయ్యి చాచినట్టే మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అంటే వీడు ఎవడి రక్తమో చూపించి, పెద్ద రూటు బస్సు మళ్ళీ తీసుకుంటాడా?" అన్నాడు.

"తీసుకుంటారు బావగారూ."

"వెళ్ళు," అంది అత్తగారు కోడలితో. "వెళ్ళి ఆ డాక్టరుకి చెప్పు."

"చెబితే ఉద్యోగం మొత్తం పోతుందత్తయ్యా. షెడ్డు కూడా ఉండదు. మోసం చేశాడని గెంటేస్తారు. ఆయన ఈ జన్మలో నా ముఖం చూడరు."

"చెప్పకపోతే?"

కోడలు చేతిలోని డబ్బా వంక చూసింది.

పాప గిన్నె కడిగి బోర్లించి, బడి సంచీ భుజాలకి తగిలించుకుని వచ్చింది. పెద్దవాళ్ళ ముఖాలన్నీ చూసి, ఎవరిని అడగాలో తెలియక తల్లినే అడిగింది.

"అమ్మా, ఇంకాసేపట్లో నాన్న బస్సు వస్తుంది. స్టాపుకి నేను వెళ్ళిపోనా?"

అత్తగారు కుర్చీలోంచి లేచింది. పొద్దున్నుంచీ లేవనిది, ఆ గుమ్మం ఒదలనిది, లేచి వెళ్ళి మనవరాలి భుజాల మీంచి సంచీ తీసేసింది.

"ఇవాళ మీ నాన్న బస్సెక్కొద్దమ్మా," అంది.

కన్నతల్లి నోటి నుంచి ఆ మాట విని బావగారు ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. కోడలు డబ్బా చంకలో పెట్టుకుని, డిపోకి వెళ్ళడానికి చెప్పులేసుకుంది.